మార్కెట్ లెక్క నిజంగా తేలిందా?

పుస్తక సమీక్ష
ద మ్యాన్ హూ సాల్వ్‌డ్ ద మార్కెట్. రచన: గ్రెగరీ జుకర్‌మాన్. ఇంగ్లీషు. తొలి ప్రచురణ: 2019.

లెక్కల క్లాసులో ఒక సమస్య తేలిపోయింది అంటే అర్థమేమిటో మీకు తెలుసు. జవాబు వచ్చింది, సరిచూశాం, ఇక అది మారదు. పైథాగరస్ సిద్ధాంతాన్ని కోటిమంది నేర్చుకున్నా దాని బలం తగ్గదు. అమెరికన్ పత్రికా రచయిత గ్రెగరీ జుకర్‌మాన్ తన పుస్తకానికి పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే ‘మార్కెట్ లెక్క తేల్చిన మనిషి’ అవుతుంది. గణిత శాస్త్రజ్ఞుడు జిమ్ సైమన్స్ కథ ఇది. ఆసక్తిగా చదివించే పుస్తకం, ఎంతో శ్రమపడి వివరాలు సేకరించిన పుస్తకం. అయితే ఆ పేరు మాత్రం సరైనది కాదు. పుస్తకంలోని సంగతులే ఆ పేరును ఒప్పుకోవు.

ఇది పేరు గురించిన చిన్న పేచీ అనుకోకండి. కంప్యూటర్‌కు పాత ధరలన్నీ చూపించి, అందులోని క్రమాలను పట్టుకోమని చెప్పి, రేపటి ధర రాబట్టవచ్చుననే ఆశ ఇవాళ చాలామంది విద్యార్థులలో ఉంది. దీన్నే మెషిన్ లెర్నింగ్ అంటున్నాం. సూత్రం మనం చెప్పకుండా, ఉదాహరణల నుంచి యంత్రమే నేర్చుకోవడం అన్నమాట. ఈ ఆశలో నిజమెంత, భ్రమ ఎంత అన్నది తెలుసుకోవడానికి ఈ పుస్తకం బాగా పనికొస్తుంది. కాకపోతే పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవాలి.

సంకేత లిపి నుంచి షేర్ల దాకా

సైమన్స్ 1938లో పుట్టారు. 1964లో అమెరికా రక్షణ వ్యవస్థ కోసం శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే సంస్థలో చేరారు. వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించినందుకు 1968లో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో గణిత శాఖకు అధిపతి అయ్యారు. చెర్న్‌తో కలిసి 1974లో ఆయన ప్రచురించిన జ్యామితి పరిశోధన తరువాతి కాలంలో భౌతిక శాస్త్రానికి కూడా పనికొచ్చింది. 1978లో విశ్వవిద్యాలయం వదిలి మార్కెట్‌లోకి దిగారు. రినైసాన్స్ టెక్నాలజీస్ అనే సంస్థ పెట్టారు. 1988లో మెడాలియన్ అనే నిధిని ప్రారంభించారు. 2024 మే నెలలో మరణించారు.

ఆ మెడాలియన్ నిధి 1988 నుంచి 2018 దాకా ఖర్చులు, రుసుములు తీయకముందు ఏడాదికి సగటున 66 శాతం, తీశాక 39 శాతం లాభం గడించిందని పుస్తకం లెక్క చెబుతుంది. ముప్పై ఏళ్ళపాటు ఇంత లాభం అదృష్టం వల్ల రాదు. కనుక మార్కెట్ ధరల్లో పట్టుకోదగిన క్రమాలు కొన్ని ఉన్నాయి అన్నది ఒప్పుకోవలసిందే. అసలు ప్రశ్న అవి ఎలాంటి క్రమాలు అన్నది.

పుస్తకంలో నాకు బాగా నచ్చినవి తొలి రోజుల అధ్యాయాలు. కంప్యూటర్‌కు నేర్పాలంటే ముందు అంకెలు కావాలి. అప్పట్లో అవి దొరికేవి కావు. సైమన్స్ బృందం ప్రపంచ బ్యాంకు పుస్తకాలు, సరుకుల ఎక్స్ఛేంజిల పాత అయస్కాంత టేపులు కొని తెచ్చుకుంది. వడ్డీ రేట్ల చరిత్ర కోసం ఒకరు న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వు కార్యాలయానికి వెళ్ళి చేత్తో రాసుకొచ్చారు. తప్పుడు అంకెలను ఏరి శుభ్రం చేయడానికే శాండర్ స్ట్రాస్ అనే ఆయన ఏళ్ళ తరబడి కూర్చున్నారు. మెషిన్ లెర్నింగ్ అనగానే మీకు సూత్రాలు గుర్తొస్తాయి. నిజానికి అందులో పెద్ద భాగం ఈ ఏరివేతే.

తొలి ప్రయత్నాల్లో నవ్వొచ్చే సంఘటన కూడా ఒకటుంది. వాళ్ళు రాసిన ఒక ప్రోగ్రామ్‌కు ఎందుకోగాని బంగాళాదుంపల మీద మోజు పుట్టింది. ఉన్న డబ్బులో అధిక భాగం మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంపల ముందస్తు ఒప్పందాల్లో పెట్టేసింది. సరుకంతా గుప్పిట్లో పెట్టుకుంటున్నారా అని ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఫోను చేసేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. యంత్రం క్రమాన్ని చూసింది, కాని బంగాళాదుంప అంటే ఏమిటో దానికి తెలియదు.

దాగిన స్థితులు

సైమన్స్ బృందం ఆలోచనల మూలం మార్కెట్‌లో లేదు, సంకేత ఛేదనలో ఉంది. అక్కడ ఆయన సహోద్యోగి లెనార్డ్ బామ్ 1960 దశకంలో ఒక పద్ధతిని అభివృద్ధి చేశారు. దాన్ని ఇలా ఊహించుకోండి. కిటికీ లేని గదిలో మీరు కూర్చున్నారు. బయట వాన పడుతోందో లేదో కనబడదు. గదిలోకి వచ్చేవాళ్ళ చేతిలో గొడుగు ఉందో లేదో మాత్రం కనబడుతుంది. ఆ గొడుగుల వరుసను బట్టి బయట వాతావరణం ఎప్పుడు ఎలా మారి ఉంటుందో లెక్కగట్టాలి. వాతావరణం ‘దాగిన స్థితి’, గొడుగులు ‘కనిపించే సూచనలు’. ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారే అవకాశం ఎంత, ఏ స్థితిలో ఏ సూచన కనిపించే అవకాశం ఎంత అన్నవి ఉదాహరణల నుంచే రాబట్టడం బామ్ పద్ధతి సాధించిన ఘనత. షేర్ మార్కెట్‌కూ ఇలాగే ఎనిమిది దాగిన స్థితులుంటాయని బామ్, సైమన్స్, మరికొందరు 1964లోనే ఒక అంతరంగిక పత్రంలో ప్రతిపాదించారు.

ఇదే పద్ధతి మాటలను గుర్తించడానికీ పనికొచ్చింది. పలికిన పదం దాగిన స్థితి, చెవికి చేరిన శబ్దం సూచన. ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో జేమ్స్ బేకర్ ఒకరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయనకు 1975లో డాక్టరేటు పరిశోధన చేయించిన గురువు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. సంకేత ఛేదన, మాట గుర్తింపు, మార్కెట్ మూడూ ఒకే గణితానికి కొమ్మలన్నది విద్యార్థులు గుర్తుపెట్టుకోదగిన విషయం. పుస్తకం ఈ గణితాన్ని పైపైన తాకి వదిలేస్తుంది. గొడుగు ఉదాహరణ లాంటిది ఒక్కటి విడమరచి ఉంటే సామాన్య పాఠకుడికి ఎంతో మేలు జరిగేది.

పది వేలలో నూటయాభై

1993లో ఐబీఎం సంస్థ నుంచి పీటర్ బ్రౌన్, రాబర్ట్ మెర్సర్ వచ్చి చేరాక రినైసాన్స్ అసలైన బలం పుంజుకుంది. తమ జోస్యాలు 50.75 శాతం సార్లు నిజమవుతాయని మెర్సర్ ఒక మిత్రుడితో అన్నట్టు పుస్తకంలో ఉంది. మొత్తం పుస్తకంలో అతి విలువైన అంకె ఇదే. రచయిత దీన్ని ఒక చమత్కారంగా దాటేశారు. మనం కాస్త ఆగి లెక్క చూద్దాం.

ప్రతి పందెమూ ఒక రూపాయి అనుకోండి. గెలిస్తే రూపాయి వస్తుంది, ఓడితే రూపాయి పోతుంది. 10,000 పందేల్లో 5,075 గెలుపులు, 4,925 ఓటములు. మిగులు 150 రూపాయలు. అంటే పందేనికి ఒకటిన్నర పైసా. దళారీ రుసుము, పన్ను, కొనేటప్పటి ధరకూ అమ్మేటప్పటి ధరకూ ఉండే తేడా కలిసి ఒకటిన్నర పైసా దాటితే ఈ మహావిజ్ఞానమంతా సున్నా.

ఇంకొక చిక్కుంది. ఏ నైపుణ్యమూ లేకుండా నాణెం ఎగరేసినా మిగులు కచ్చితంగా సున్నా రాదు, అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట సుమారుగా పందేల సంఖ్యకు వర్గమూలం. 100 పందేలకు ఊగిసలాట 10 రూపాయలు, మెర్సర్ నైపుణ్యం తెచ్చేది ఒకటిన్నర రూపాయి. ఆ నైపుణ్యం ఊగిసలాటలో కనబడనే కనబడదు. 10,000 పందేలకు ఊగిసలాట 100, నైపుణ్యం 150. అప్పుడు కూడా గట్టిగా చెప్పలేం. 10 లక్షల పందేలకు ఊగిసలాట 1,000, నైపుణ్యం 15,000. ఇక అనుమానానికి తావు లేదు.

రినైసాన్స్ రహస్యమంటూ ఉంటే అందులో పెద్ద భాగం ఇక్కడుంది. అతి చిన్న మొగ్గు, లక్షల సంఖ్యలో పందేలు, ఖర్చుల మీద కఠినమైన అదుపు, దానిపైన సొంత డబ్బుకు పది రెట్లకు మించిన అప్పు. ఫోన్‌లో నెలకు ఇరవై లావాదేవీలు చేసే మనిషికి ఈ నాలుగింటిలో ఏదీ లేదు. వరుసగా ఇరవైలో పదమూడు గెలిచినా అది నైపుణ్యమో నాణెమో ఆయనకే తెలియదు.

బంగ్లాదేశ్ వెన్న

క్రమాలు కనబడటం కష్టం కాదు. కనబడకుండా ఉండటమే కష్టం. డేవిడ్ లైన్‌వెబర్ అనే పరిశోధకుడు 1990 దశకంలో ఐక్యరాజ్య సమితి గణాంకాల డిస్కు ఒకటి తీసుకుని, అమెరికా షేర్ సూచీ ఎస్ అండ్ పీ 500 కదలికలతో బాగా కలిసే అంకెల వరుస ఏదో వెతకమని కంప్యూటర్‌కు చెప్పారు. దొరికింది బంగ్లాదేశ్‌లో వెన్న ఉత్పత్తి! 1983 నుంచి 1993 దాకా సూచీ హెచ్చుతగ్గుల్లో 75 శాతాన్ని అది వివరించింది. అమెరికా వెన్న, జున్ను, రెండు దేశాల గొర్రెల సంఖ్య కూడా కలిపితే ఆ వివరణ 99 శాతానికి చేరింది. ఢాకాలో వెన్న చిలికితే న్యూయార్క్‌లో షేర్లు పెరుగుతాయని ఎవరూ నమ్మరు. వేల వరుసలు వెతికితే ఏదో ఒకటి కాకతాళీయంగా కలిసి తీరుతుందని నవ్వుతూ చెప్పడానికే ఆయన ఆ పని చేశారు.

మన భాషలో చెప్పాలంటే ఇది గైడు బట్టీపట్టిన విద్యార్థి కథ. పాత ప్రశ్నపత్రాలిస్తే నూటికి నూరు. కొత్త ప్రశ్న వస్తే తెల్లకాగితం. అందుకే మెషిన్ లెర్నింగ్‌లో కొన్ని అంకెలను యంత్రానికి చూపకుండా దాచి, చివర్లో వాటితో పరీక్ష పెడతారు. కాని ఆ దాచిన పరీక్షనే వందసార్లు పెట్టి, నెగ్గిన పద్ధతిని ఎంచుకుంటే ఆ పరీక్షపత్రం కూడా లీకైనట్టే.

బొమ్మలు గుర్తించే యంత్రం ఈ ఆపదను తట్టుకుంటుంది. 2012లో పేరు తెచ్చుకున్న అలెక్స్‌నెట్‌కు పన్నెండు లక్షల బొమ్మలతో నేర్పారు. షేర్ మార్కెట్ ఏడాదికి సుమారు 250 రోజులు పనిచేస్తుంది. పదేళ్ళ రోజువారీ ధరలు పోగుచేసినా 2,500 అంకెలే. నిమిషాల వారీగా తీస్తే సంఖ్య పెరుగుతుంది కాని పదేళ్ళ చరిత్ర పదేళ్ళదే. ఇంకో 2008 సంక్షోభం ఉంటే బాగుండును, దానితో కూడా యంత్రాన్ని పరీక్షిద్దామంటే కుదరదు.

మీరే చేసి చూడండి

గ్రాఫు కాగితం, ఒక నాణెం తీసుకోండి. 100 దగ్గర మొదలుపెట్టండి. బొమ్మ పడితే 1 కలపండి, బొరుసు పడితే 1 తీసేయండి. 52 సార్లు ఎగరేసి చుక్కలు కలపండి. మీ స్నేహితుడికి ఇది ఒక కంపెనీ షేరు ఏడాది ధర అని చెప్పి చూపండి. ‘ఇదిగో ఇక్కడ పుంజుకుంది, ఇక్కడ కొనాల్సింది’ అని అతడు చెప్పడం మొదలుపెడతాడు. షికాగోలో హారీ రాబర్ట్స్ 1959లో యాదృచ్ఛిక సంఖ్యలతో ఇలాగే గీసి చూపారు. నిపుణులు గొప్పగా చెప్పే ఆకారాలన్నీ అందులోనూ కనబడ్డాయి.

రెండో లెక్క. ఒకడు 1,024 మందికి సందేశాలు పంపాడు. సగం మందికి రేపు మార్కెట్ పెరుగుతుందని, సగం మందికి తగ్గుతుందని. తప్పు జోస్యం అందినవాళ్ళను వదిలేసి, మిగిలిన 512 మందికి మర్నాడు మళ్ళీ అలాగే. పది రోజులయ్యాక ఒక్కడు మిగులుతాడు. వరుసగా పది జోస్యాలు నిజమైన ఆ ఒక్కడి దృష్టిలో పంపినవాడు మేధావి. వాట్సాప్‌లో వచ్చే చిట్కాలను చూసేటప్పుడు మిగతా 1,023 మందిని తలచుకోండి.

భాష మారదు, మార్కెట్ మారుతుంది

అనువాదం నా వృత్తిలో భాగం కనుక బ్రౌన్, మెర్సర్‌ల పూర్వకథను మరింత శ్రద్ధగా చదివాను. ఐబీఎంలో వాళ్ళు ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు యంత్రంతో అనువాదం చేయించే పనిలో ఉండేవారు. వ్యాకరణం నేర్పకుండా, రెండు భాషల్లోనూ అచ్చయ్యే కెనడా పార్లమెంటు చర్చలను యంత్రం ముందు పోసి, ఏ మాటకు ఏ మాట జతపడుతోందో దాన్నే లెక్కగట్టుకోమన్నారు. ఇవాళ మీ ఫోన్‌లో తెలుగు నుంచి హిందీకి మార్చే సదుపాయం వెనుక ఉన్న తాత్విక మూలం అదే. అదే నేర్పును వాళ్ళు మార్కెట్‌కు తెచ్చారు.

పుస్తకం ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టేస్తుంది. నాకు అభ్యంతరం ఇక్కడే. ఫ్రెంచి భాషలోని క్రమాన్ని ఒక యంత్రం పట్టుకుంటే ఫ్రెంచివాళ్ళు మర్నాటి నుంచి వేరేగా మాట్లాడరు. వాతావరణ శాఖ రేపు వాన అని చెబితే మేఘం ఆ మాట విని దారి మళ్ళదు. కాని శుక్రవారం తగ్గిన ధర సోమవారం పెరుగుతుందని నలుగురికి తెలిసిందనుకోండి. నలుగురూ శుక్రవారమే కొంటారు. ధర శుక్రవారమే పెరుగుతుంది, సోమవారానికి ఏమీ మిగలదు. మార్కెట్‌లో క్రమాన్ని చదవడమంటే దాన్ని కొంత చెరిపేయడమే.

దీనికి కొలత కూడా ఉంది. మెక్లీన్, పాంటిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు షేర్ల లాభాలను ముందే సూచిస్తాయని పత్రాల్లో ప్రకటించిన 97 లక్షణాలను తీసుకుని మళ్ళీ పరీక్షించారు. 2016లో వెలువడిన వారి ఫలితం ఇది. మొదటి పరిశోధకులు వాడని కాలానికి వర్తింపజేస్తే లాభం 26 శాతం తగ్గింది. పత్రం అచ్చయ్యాక చూస్తే 58 శాతం తగ్గింది. మొదటి తగ్గుదలలో బంగ్లాదేశ్ వెన్న పాలు ఉంది. ఆ పైన తగ్గింది అందరూ చదివేసినందువల్ల అనుకోవచ్చు.

మెడాలియన్ నిధి చరిత్ర కూడా ఇదే చెబుతోంది. లెక్క తేలిపోయి ఉంటే ఎంత డబ్బు పెట్టినా అదే శాతం లాభం రావాలి. రినైసాన్స్ 1993లో కొత్తవాళ్ళ డబ్బు తీసుకోవడం మానేసింది. తర్వాత బయటివాళ్ళందరినీ పంపించేసి సొంత సిబ్బందికే ఆ నిధిని పరిమితం చేసింది. ఎక్కువ డబ్బు పెడితే తమ కొనుగోళ్ళే ధరను కదిలించి క్రమాన్ని చెరిపేస్తాయని వాళ్ళకు తెలుసు. బయటివాళ్ళ కోసం అదే సంస్థ నడిపే వేరే నిధి 2020లో సుమారు 19 శాతం నష్టపోయింది. అదే ఏడాది మెడాలియన్ 76 శాతం గడించిందని వార్తలొచ్చాయి. అదే సంస్థ, అవే బుర్రలు, ఒక ఇంట్లో పండగ, ఒక ఇంట్లో పస్తు. పుస్తకం వెలువడిన మరుసటి ఏడాదే జరిగిన ఈ సంగతి దాని పేరుకు గట్టి జవాబు.

పుస్తకం లోపలే ఇంకో జవాబుంది. 2018 డిసెంబరులో మార్కెట్ పడిపోతుంటే కంగారుపడి, నష్టం తగ్గించుకోవడానికి ఏం చేద్దామని తన సొంత డబ్బు చూసే సలహాదారుకు సైమన్స్ ఫోన్ చేశారు. యంత్రాన్నే నమ్మాలి, మనసు మాట వినకూడదని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. పుస్తకం ఈ సన్నివేశాన్ని దాచకపోవడం రచయిత నిజాయితీకి గుర్తు.

పుస్తకం చెప్పనిది

లోపాలు మూడు. ఒకటి, సైన్సు తక్కువ. రినైసాన్స్ ఉద్యోగులు నోరు విప్పకూడదన్న ఒప్పందాలకు కట్టుబడి ఉంటారు. వాళ్ళ పద్ధతులు ఏ పత్రికలోనూ అచ్చు కావు, ఎవరూ తిరిగి పరీక్షించలేరు. అందుచేత ఇది వ్యాపార విజయమే కాని శాస్త్ర ఫలితం కాదు. ఆ తేడాను రచయిత పాఠకుడికి గట్టిగా చెప్పలేదు.

రెండు, ఓడినవాళ్ళు తక్కువ. పుస్తకంలోనే బామ్ ఉన్నారు. పద్ధతిని కనిపెట్టిన ఆయన చివరికి దాన్ని పక్కనపెట్టి సొంత అంచనాలతో వ్యాపారం చేశారు, బాండ్లలో భారీ నష్టాలు వచ్చి 1984లో తప్పుకున్నారు. ఇద్దరు నోబెల్ విజేతలున్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ 1998లో కొన్ని నెలల్లోనే నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఒక సైమన్స్ కథ చదివినప్పుడు పేరు తెలియకుండా మునిగినవాళ్ళ కథలు ఎన్నో మనం చదవలేదని గుర్తుండాలి.

మూడు, చివరి భాగంలో మెర్సర్ రాజకీయాలకు ఎన్నో పేజీలు పోయాయి. ఆ పేజీల్లో సగమైనా గణితానికిచ్చి ఉండవలసింది.

మన దేశం సంగతి

మన నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఈ వ్యాపారుల్లో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళ వాటా 2022-23లో 31 శాతం, మరుసటి ఏడాదికి 43 శాతం. అవతలి పక్క లాభం పొందిన విదేశీ మదుపు సంస్థలకు, సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలకు ఆ లాభంలో తొంభై అయిదు శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల ద్వారానే వచ్చింది.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘అయితే నేనూ ఒక ప్రోగ్రామ్ రాస్తాను’ అన్నది తొందరపాటు. వాళ్ళది 50.75 శాతం ఆట. వేగమైన యంత్రాలు, తక్కువ రుసుములు, లక్షల పందేలు ఉన్నవాడికే ఆ ముప్పావు శాతం అక్కరకొస్తుంది. మిగతావాళ్ళు ఆ ముప్పావు శాతాన్ని చెల్లించే పక్షం.

అయినా ఈ పుస్తకం చదవండి. అంకెలను ఎంత ఓపికగా శుభ్రం చేయాలో, తన యంత్రాన్ని తానే ఎంత అనుమానించాలో నేర్పే పుస్తకం ఇది. ఆ నేర్పును మీరు ప్రయోగించడానికి బోలెడు చోట్లున్నాయి. ఆకు మీది మచ్చను చూసి తెగులు గుర్తించడం, ఎక్స్‌రేలో క్షయను పసిగట్టడం, వరద వచ్చే గంటను ముందే చెప్పడం. వీటిలో మీరు పట్టుకున్న క్రమాన్ని ఊరంతటికీ చెప్పినా అది చెరిగిపోదు. చెప్పినకొద్దీ దాని విలువ పెరుగుతుంది.